బొట్టు కింద ఎర్రదీపం

2004 జూన్‌లో నన్ను పటాన్‌చెరులోని ఒక మాత్రల ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా వేశారు. యంత్రాల వేడినీ ఒత్తిడినీ కొలిచే పరికరాలు, వాటిని నడిపించే పీఎల్‌సీలు మా విభాగం కిందికి వచ్చేవి. పీఎల్‌సీ అంటే ప్యానెల్ పెట్టెలో కూర్చుని యంత్రానికి ఆజ్ఞలిచ్చే చిన్న కంప్యూటర్. నాకు అప్పగించింది తడి మందుపొడిని వేడిగాలితో ఆరబెట్టే డ్రయర్. దాని ప్రోగ్రాం ల్యాడర్ భాషలో ఉండేది.

ల్యాడర్ అంటే నాకు ఒళ్లు మంట. రెండు నిలువు గీతలు, మధ్యలో నిచ్చెన మెట్లలా అడ్డగీతలు, ఒక్కో మెట్టు మీద స్విచ్చుల గుర్తులు. ఆ స్విచ్చులన్నీ కలిస్తే కుడిచివరనున్న మోటారో వాల్వో పనిచేస్తుంది. వైరింగు పటాలకు అలవాటుపడ్డ ఎలక్ట్రీషియన్ల కోసం పుట్టిన పద్ధతి అది. నేనేమో కాలేజీలో సీ భాష ఇష్టపడి నేర్చుకున్నదాన్ని. నాలుగు వాక్యాల్లో తేలిపోయేదానికి ఇక్కడ పేజీలకు పేజీలు గీయాలి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే స్నేహితురాలు ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా బొమ్మలే గీస్తున్నావా?" అని ఏడిపించేది. పైకి నవ్వేసేదాన్ని గానీ ఆ పూటంతా మనసు బాగుండేది కాదు.

కొన్నేళ్లకు దారి దొరికింది. సంస్థ కొత్త యూనిట్ కట్టింది. అక్కడి కంట్రోలర్లకు వాక్యాలతో రాసే భాషలోనూ ప్రోగ్రాం చేయొచ్చు. వెంటపడి బదిలీ వేయించుకున్నాను. మా చీఫ్ ఇంజనీర్ ప్రసాద్ గారు ఒకే షరతు పెట్టారు: ఆయుధపూజ కాగానే డ్రయర్‌ను నడుస్తున్న స్థితిలో అప్పగించాలి, అప్పగిస్తే ఆ రోజే రిలీవ్ చేస్తారు. ఎప్పుడూ మొరాయించని యంత్రమే కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను.

మా దగ్గర ఆయుధపూజకు మెయిన్ స్విచ్ ఆపి, యంత్రాలు తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాక మళ్లీ కరెంటిచ్చేవారు. కరెంటు కోతల్లోనూ ఆ ప్యానెల్‌కు యూపీఎస్ ఉండేది కనక, ఏడాది మొత్తంలో దానికి కరెంటు పూర్తిగా పోయేది ఆ ఒక్కసారే. ఆ ఏడూ అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ప్రసాద్ గారు దండం పెట్టుకుని స్టార్ట్ బటన్ నొక్కారు. డ్రయర్ కదల్లేదు. గుమ్మడికాయ సరిగ్గా పగల్లేదని వెనక ఎవరో గొణిగారు.

ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే పీఎల్‌సీ ఖాళీ. కరెంటు లేనప్పుడు ప్రోగ్రాంను నిలిపి ఉంచేది లోపలి బ్యాటరీ. అది బలహీనపడితే ముందువైపు చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. దాన్ని నెలనెలా చూసేవాళ్లూ ఉన్నారు. అయితే తలుపు తీసి పీఎల్‌సీకే బొట్టు పెట్టడం మావాళ్ల ఆచారం. గుండ్రంగా ఉన్న ఆ దీపం బొట్టుకు భలే కుదిరే చోటు. తడిగుడ్డతో తుడిచాను. కొత్త కుంకుమ కింద పోయినేటి కుంకుమ అట్టకట్టి ఉంది, దాని కింద దీపం వెలుగుతోంది. బీరువాలో దాచిన ప్రోగ్రాం నకలు ఫ్లాపీ తెచ్చి పెడితే, వానలకు బూజు పట్టిన దాన్ని ల్యాప్‌టాప్ చదవనంది. ఇక నా బదిలీ గోవిందా అనుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది.

"ఇది నడవకుండా నిన్నెలా పంపనమ్మా?" అన్నారు ప్రసాద్ గారు. ఆయన్ని అనడానికేమీ లేదు.

డ్రయర్ ఆపరేటర్ అంజయ్య గారిది పక్కూరు లక్డారం. పండగ భోజనానికి ఇంటికి బయల్దేరుతున్నవారిని కాసేపు ఆగమని బతిమాలాను. యంత్రం ఏది జరిగాక ఏది చేస్తుందో వరసగా చెప్పమన్నాను.

"ట్రాలీ లోపలికి పోవాలె, అంచు ట్యూబుల గాలి నిండాలె, గప్పుడే బ్లోయర్ తిరగాలె మేడమ్" అన్నారాయన.

అంచు ట్యూబంటే గాలి నింపితే ఉబ్బి, మందుపొడి ట్రాలీ అంచును మూసే రబ్బరు గొట్టం; బ్లోయరంటే వేడిగాలి తోలే ఫ్యాను. ఆయన మాట ఉన్నదున్నట్టు ఒక మెట్టయింది. ఆయన చెప్పేకొద్దీ నేను గీసుకుంటూ పోయాను. యంత్రం నడిచేటప్పుడు, కలిసిన స్విచ్చులు ల్యాడర్ తెర మీద పచ్చగా కనిపిస్తాయి. మొదటి ప్రయత్నంలో బ్లోయర్ తిరగలేదు. అంజయ్య గారు కళ్లద్దాలు పెట్టుకుని తెరమీద వేలు పెట్టారు. "గీడిదాక పచ్చగొచ్చింది. గాలి ట్యూబుకాడ ఆగింది సూడుండ్రి." వెళ్లి చూస్తే, పూజకు తుడిచినప్పుడు గాలి గొట్టం వదులైంది. ఇంకోచోట, గాలికి ఎగిరిన పొడిని పట్టి ఉంచే సంచీని దులపడం వేళ కానివేళ మొదలైంది. "అరె, నేనే ఉల్టా చెప్పిన" అని ఆయనే నవ్వి, తెర చూస్తూ సరిచేయించారు. తర్వాత ప్రసాద్ గారు కొత్త బ్యాటరీ వేయించి, ప్రతి రక్షణ స్విచ్చునూ విడివిడిగా తీయించి, యంత్రం ఆగుతోందో లేదో పరీక్షించారు. అన్నిటికీ ఆగింది. మళ్లీ స్టార్ట్ నొక్కగానే బ్లోయర్ హోరందుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి రిలీవింగ్ ఆర్డర్, పూజ లడ్డూ రెండూ చేతికొచ్చాయి.

కొత్త యూనిట్‌లో నాకిష్టమైన భాషలో హాయిగా రాశాను. యంత్రం మొదలవడానికీ ఆగడానికీ సంబంధించిన భాగం మాత్రం ల్యాడర్‌లోనే గీశాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ భాష మీద ఇష్టం పుట్టిందనుకోకండి, ఇప్పటికీ లేదు. యంత్రం ఆగినప్పుడు దాని ముందు నిలబడేది ఆపరేటరు. కారణం ఆయన కంటికి కనిపించాలి. ఏ భాషలో రాయాలన్నది అక్కణ్నుంచి తేల్చుకోవాలని ఆ రోజు తెలిసింది. మరొకటి కూడా తెలిసింది. ఆ తర్వాత నేను పనిచేసినన్నాళ్లూ ఆయుధపూజకు ముందే బ్యాటరీ మార్పించాను, బొట్టు ప్యానెల్ తలుపుకే పెట్టించాను.