అమావాస్య నాటి మ్యాట్నీ

2023 వేసవి. మాచర్లలో ఒక థియేటర్‌కి నేను మేనేజర్‌ని. అన్నయ్య పోయి అప్పటికి ఏడు నెలలు. నాపరాయి క్వారీలో పనిచేసి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి పోయాడు.

ఆ శుక్రవారం మేం వేసిన సినిమాలో హీరో క్వారీ కూలీ. మధ్యాహ్నానికే ఫోన్లలో రివ్యూలు వచ్చాయి, అన్నీ తిట్లే. ఒక సన్నివేశాన్ని అందరూ పట్టుకున్నారు. హీరో బండను సుత్తితో మెల్లగా తట్టి, చెవి ఆనించి, మాట లేకుండా చాలాసేపు వింటాడు. ‘హీరో నిద్రపోయాడు, మేమూ పోయాం’ అని ఒకరు రాశారు. ముఖంలో ఏ భావమూ లేదని ఇంకొకరు.

రాయి లోపల పగులుంటే దెబ్బకు బొంగురుగా మోగుతుంది. గట్టిదైతే ఖంగుమంటుంది. ఆ తేడా వినేటప్పుడు మనిషి ముఖంలో ఏమీ ఉండదు. అన్నయ్య ముఖంలోనూ ఉండేది కాదు. ఆ నటుడు ఎవరి పక్కనో కూర్చుని ఈ పని నేర్చుకున్నాడని నాకు అర్థమైంది.

ఆదివారం కూడా హాలు సగం నిండలేదు. సోమవారం ఓనర్ గారు వచ్చారు.

“ఏందయ్యా, ఇంకా ఈ బొమ్మే ఆడిస్తన్నావా? రేపు తీసేసి ఇంకోటి ఎయ్యి.”

“గురువారం దాకా కీ ఉందండీ.”

ఇప్పుడు సినిమా రీళ్లలో రాదు, ఫైలుగా వస్తుంది. ఫలానా రోజు వరకే దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవిని కీ అంటాం.

“కీ ఉంటే సరా, జనం ఉండొద్దా? ఆడు రాయి మీద పడుకుంటే ఎవరు చూస్తారు?”

“పడుకోలేదండీ, వింటన్నాడు. అది తెలిసినోళ్లు ఇంకా రాలేదు. రేపు అమావాస్య.”

మా వైపు క్వారీల్లో ఆదివారం సెలవుండదు. అమావాస్య నాడు మాత్రం రాయి మీద సుత్తి వెయ్యరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, సినిమాతో కలిపి ఆలోచించలేదంతే.

“ఇన్నేళ్లలో ఏ బొమ్మకీ నాతో వాదించలా నువ్వు. సరే, రేపొక్కరోజు. రాకపోతే ఎల్లుండి తీసేద్దాం.”

ఆటోకి మైకు కట్టి క్వారీల వైపు పంపాను. హీరో బిరుదులేవీ చదవొద్దన్నాను. ‘నాపరాయి పనోళ్ల సినిమా, రేపు మ్యాట్నీకి రండి’ అని మాత్రం చెప్పించాను.

మర్నాడు ట్రాక్టర్లలో వచ్చారు, ఆడా మగా పిల్లలూ. నేను హాలు వెనక నిలబడ్డాను. ఆ సన్నివేశం రాగానే జనంలో చప్పుడు ఆగిపోయింది. హీరో బండను తట్టాడు. ముందు వరసలో ఒక ముసలాయన లేచి అరిచాడు.

“ఆడ కాదురా అబ్బాయ్, బొంగురుబోయింది! జానెడు పక్కకి జరుగు!”

“ఆడికి ఇనబడుద్దా? కూచో మావా,” అని పక్కనున్నామె చొక్కా పట్టి లాగింది.

తెర మీద హీరో సుత్తిని జానెడు పక్కకి జరిపాడు. హాలంతా ఈలలు.

“చెప్పలా!” అని ముసలాయన కూర్చున్నాడు.

బయటికి వస్తూ ఆయన నన్ను అడిగాడు. “ఏ క్వారీ పిల్లోడయ్యా ఇతను?”

“సినిమా యాక్టరండీ.”

“పోవయ్యా. యాక్టరైతే చెయ్యి అట్టా పడదు.”

సాయంత్రం కీ ఇంకో వారం పొడిగించమని ఓనర్ గారే డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేశారు. నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునే రోజు అదే.

ఇప్పుడు ఏ సినిమానైనా తీసేసే ముందు, దాన్ని చూడాల్సినవాళ్లలో ఇంకా ఎవరు చూడలేదో ఆలోచిస్తాను. ఆ ముసలాయన మాట ఆ నటుడికి చేర్చే దారి నాకు దొరకలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.