మామిడికొత్త అయ్యేదాకా

మా మేనేజర్ నోట ‘కుటుంబం’ అన్న మాట వచ్చిందంటే ఆ పూట ఎవరికో మూడిందని అర్థం. అరకు దగ్గర మా రిసార్టులో పొద్దున్నే అందర్నీ వరసగా నిలబెట్టి, కింది వాళ్ళని కరుణతో నడిపించడం గురించి ఉపన్యాసం దంచేవాడు. నేను వంటింటి సూపర్‌వైజర్ని, హైదరాబాద్‌లో పెరిగినదాన్ని. ఆయన ముఖం చూడలేక ఫోన్లో తల దూర్చి వినేదాన్ని.

ఎండలు ముదరగానే, వచ్చిన గెస్టులకి పచ్చిమామిడి షర్బత్ ఇమ్మన్నాడు. చేసినవాళ్ళు రుచి చూశాకే బయటికి పంపాలన్నది ఆయన రూలు. షర్బత్ చేసే అక్కది జి.మాడుగుల వైపు కొండ ఊరు. చేసింది, గ్లాసుల్లో పోసింది, రుచి మాత్రం చూడనంది.

“మా ఊళ్ళో మామిడికొత్త పండగ అవ్వలేదు సార్. అమ్మోరికి పెట్టకుండా కొత్తకాయ నోట్లో ఎట్టుకోం.”

“చెంచాడే కదమ్మా! మనమంతా ఒక కుటుంబం.”

“మీ కుటుంబంలో తింతారేటో. మా కాడ తినం.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనకి కాలింది. చెంచా ముంచి ఆమె నోటి ముందు పెట్టాడు. “తాగు. లేదంటే రేపట్నుంచి రాకు.”

వాళ్ళ ఇంట్లో నెల జీతం వచ్చేది ఆమెకొక్కదానికే. అయినా పెదాలు బిగించుకుని నిలబడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చెంచా లాక్కుని గటుక్కున మింగాను. “బాగుంది. పంపండి.”

“నిన్నెవరు చూడమన్నారు?”

“మీ రూలే సార్. నోరు ఎవరిదైతే ఏం?”

ఆయన అరిచాడు. నేను అంతకంటే గట్టిగా అరిచాను. అరుస్తూనే, ఓనరు కూడా ఉన్న వాట్సాప్ గ్రూపులో టైప్ చేసి పడేశాను: ‘మామిడికొత్త అయ్యేదాకా షర్బత్ రుచి చూసే పని నాది. అక్క ఆచారాన్ని గౌరవించిన మేనేజర్ గారి కరుణకి థాంక్స్.’ ఓనరు చప్పట్ల బొమ్మ పెట్టాడు. ఇక మేనేజర్‌కి గుండె బొమ్మ పెట్టక తప్పలేదు. పళ్ళు నూరుతూ పెట్టాడు.

అక్క ఒక మంచి మాట అంటుందనుకున్నాను.

“ఆయనా అరిసీసాడు, నువ్వూ అరిసీసినావు మేడం. ఎవులరిసినా సిల్లులు పడేది నా సెవులకే కదా!” అని కత్తిపీట ముందు కూర్చుంది.

ఆమె మీద కూడా మండింది. మేనేజర్ నా వారం సెలవు పీకేశాడు. అక్క రోజూ షర్బత్ చెంచా నా ముందు టక్కున పెట్టి వెళ్ళిపోయేది. నేను ఫోన్ చూసుకుంటూ మింగి, ‘ఓకే’ అనేదాన్ని.

పండగ చేసుకుని ఊరినుంచి వచ్చిన రోజు, అక్క చెంచా తన నోట్లోనే పెట్టుకుంది. ముఖం చిట్లించింది.

“ఉప్పే సాల్లేదు! ఇన్నాళ్ళూ ఏటి తాగినావే గుంటా?”