పెదనాన్న ఏడుసార్ల పళ్ళతోముడు

మా పెదనాన్న ఇత్తడి తలుపు పిడులకు మెరుగు పెడతాడు. ముప్పై ఏళ్ళుగా ఆయనకు తెలిసిన సూత్రం ఒక్కటే: మాసినట్టు కనబడితే ఇంకా గట్టిగా రుద్దాలి. పిడుల వరకూ బాగానే ఉంది. మహానుభావుడు పళ్ళకూ అదే పట్టించాడు. లేవగానే, ఫలహారం అయ్యాక, అన్నం తిన్నాక, టీ తాగినప్పుడల్లా, మొత్తం రోజుకు ఆరుసార్లు తోమేవాడు. ఎంత గట్టి బ్రష్ కొన్నా పదిహేను రోజులకే నాలుగు వైపులా వాలిపోయేది.

"పళ్ళు తోముతున్నారా, వాటి మీద పగ తీర్చుకుంటున్నారా?" అనేది పెద్దమ్మ.

పాపం, అదంతా భయం. మా తాతకు యాభై నిండకుండానే పళ్ళన్నీ ఊడిపోయాయి. ఆపైన బతికినంత కాలం జావే గతి. పెదనాన్నకు ఇప్పుడు నలభై తొమ్మిది. ఆర్నెల్లుగా చన్నీళ్ళు తగిలితే పళ్ళు జివ్వుమంటున్నాయి, చిగుళ్ళ దగ్గర పసుపు తేలుతోంది. పసుపు కంటబడగానే ఏడోసారి కూడా మొదలుపెట్టాడు.

ఇక లాభం లేదని నేనే పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను.

"రోజుకి ఎన్నిసార్లు తోముతారు?" అని అడిగిందావిడ.

"ఏడు," అన్నాడు, మెచ్చుకుంటుందనుకుని ఛాతీ విరుచుకుంటూ.

ఆవిడ అద్దం చేతికిచ్చింది. "ఈ పసుపు మురికి కాదండీ. మీరు రుద్దిన రుద్దుడుకి పైపొర అరిగిపోయి లోపలిది కనబడుతోంది. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. మెత్తటి బ్రష్‌తో, మెల్లగా, రెండు నిమిషాలు. అంతే!"

పెదనాన్న మొహం పాలిపోయింది. పూత వేసిన పిడిని తెలియక రుద్ది, లోపలి లోహం బయటపెట్టిన పనివాళ్ళను ఆయన నా ఎదుటే చెడామడా తిట్టాడు మరి.

"అంటే, నేను పూత లేపేశానంటారా?"

"లేపేశారు."

"మళ్ళీ వేయించుకోవచ్చా?"

"పోయింది తిరిగి రాదండీ. అదృష్టం, ఒక్క పన్నూ కదలట్లేదు. ఈ రుద్దుడు మానండి, నిలబడతాయి."

ఇంటికొచ్చి టీ తాగాక, పెదనాన్న అలవాటు కొద్దీ తోముకోవడానికి లేచాడు. పెరటి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు.

"చేతులు ఊరుకోకపోతే సింకులో గిన్నెలున్నాయి," అంది పెద్దమ్మ.

ఆయన వెనక్కొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"మా నాన్న జన్మలో పళ్ళు తోమి ఎరగడే. నేనేమో తోముతూనే ఉన్నాను. ఇంకో ఏడాది ఇలాగే తోమితే ఇద్దరికీ అదే జావ."