టవల్ నడుమ గీత

మా చెల్లెలు చంద్రభాగ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను అడగకండి. మంచి మాటలు చెప్పేవాళ్లు ఇప్పుడు సోలాపూర్‌లో మా భవాని పేట్ నిండా ఉన్నారు. అప్పుడు వీళ్లంతా ఎక్కడ చచ్చారో నాకు తెలుసు. నేను దాని అక్కను, సరోజను. బీడీలు చేసి బతికేదాన్ని, నోరు మంచిది కాదని పేరున్నదాన్ని. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది రెండు సాంచాల ఇల్లు. సాంచా అంటే కరెంటు మగ్గం. ముందు గదిలో సాంచాలు, వెనక గదిలో మేము. అవి నడుస్తుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు, పెదవులు చూసి అర్థం చేసుకోవాలి. మా బాపుకు, అంటే మా నాన్న బాలయ్యకు, అది బాగా కలిసొచ్చింది. ఎవరైనా తనకు నచ్చని మాట ఎత్తితే చాలు, సాంచా మీదికి వంగి పోగులు చూస్తున్నట్టు నటించేవాడు.

ఆయనకు ఒకటే ధర్మం. నడిచే సాంచాను నడుమ ఆపకూడదు. టవల్ మధ్యలో ఆపి మళ్లీ నడిపిస్తే ఆపిన చోట అడ్డంగా ఒక గీత పడుతుంది, ఎన్నిసార్లు ఉతికినా పోదు, నూలిచ్చి టవళ్లు తీసుకునే సేట్ దాన్ని పక్కన పడేస్తాడు. అందుకని ఆపాలంటే టవల్ కొసకు వచ్చాకే ఆపాలి. మా అవ్వ, అంటే మమ్మల్ని కన్నతల్లి, పానం పోయిన పొద్దున నేను వెనక గదిలోంచి ఉరికొచ్చి బాపు భుజం పట్టి గుంజాను. ఆయన నా పెదవులు చూశాడు. అర్థమైంది ఆయనకు. అయినా చెయ్యి ఎత్తి, బొటనవేలు చిటికెనవేలు చాచి చూపించాడు, ఇంకా జానెడు ఉందని. ఆ జానెడు నేసి, ఆపి, అప్పుడు లోపలికి వచ్చాడు. ఆ జానెడు నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

చంద్రభాగ పన్నెండేళ్ల వయసు నుంచి ఆ సాంచాల వెనక కూర్చుంది. పడుగంటే నిలువు పోగులు. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే పాత పోగుల కొసలకు పురిపెట్టి అతకాలి. రెండు వేల పైచిలుకు పోగులు. నడుస్తుండగా పోగు తెగితే, నడుస్తుండగానే చెయ్యి పెట్టి ముడి వెయ్యాలి. మొదట్లో ఒకసారి భయపడి సాంచా ఆపింది. బాపు దాని చెంప పగలగొట్టాడు. ఆ తర్వాత ఎన్నడూ ఆపలేదు. తెలుగు బడిలో పదో తరగతి పాసైనా అదే చోట, అదే పని.

తొంభై ఏడులో దత్తాత్రి అనేవాడు అశోక్ చౌక్‌లో కంప్యూటర్ క్లాసు పెట్టాడు. మా చంద్రభాగ పొద్దున్నే అక్కడ ఊడ్చే పనికి కుదిరింది. దత్తాత్రి పరమ పిసినారి. ఊరికే వస్తుందని ఎవరి దగ్గరో సీడీ సంపాదించి, కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనేదాన్ని ఒక పాత మిషన్‌లో ఎక్కించాడు, నడపడం చేతకాక మూలకు నెట్టాడు. మా చెల్లెలు చీపురు పక్కన పెట్టి దాని ముందు కూర్చుంది. చద్దర్ల సాంచాలకు డిజైన్ కోసం వాడి పారేసే చిల్లుల అట్టలుంటాయి. వాటి వెనక, ఏ పనికి మిషన్‌కు ఏ ఆర్డర్ ఇవ్వాలో వరసగా రాసుకుని దారంతో గుచ్చుకునేది. రెండేళ్లలో దత్తాత్రి మిషన్లలో ఏది పడకేసినా లేపేది అదే. చెడినదాన్ని ఆపకుండానే బాగుచేస్తుందని వాడు వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు, జీతం మాత్రం ఊడ్చినదానికే ఇచ్చేవాడు.

తొంభై తొమ్మిదిలో ఊరి బయట ఒక నూలు మిల్లు ఆఫీసులో ఆ లినక్సే పెట్టారు. దాన్ని చూసుకునే మనిషి కావాలన్నారు, కానీ సర్టిఫికెట్ ఉండాలన్నారు. పూణేలో పరీక్ష. అది రాసే పరీక్ష కాదు, చేసే పరీక్ష. చెడగొట్టిన మిషన్ ఒకటి ముందు పెడతారు, బాగుచెయ్యాలి. తర్వాత వాళ్లు చెప్పినవన్నీ అందులో అమర్చాలి. పోతానని ఇది బాపును అడిగింది. ఆయన సాంచా టవల్ కొసకు వచ్చేదాకా ఆగి, ఆపి, ఒక్కసారే చెప్పాడు.

“పో. తప్పితే మల్ల సాంచా ఎనక కూసోవాలె. సచ్చేదాక గడప దాటద్దు.”

ఇరవై రెండేళ్ల పిల్లతో అన్న మాట అది. ఇది సరేనని తలూపింది.

పరీక్షకు నెల ముందు సంగతి. కొత్త పడుగు వచ్చి రెండు రోజులైంది, అతికేవాళ్లు లేరు. ఇది క్లాసులోనే పడి ఉంది. బాపు తిట్లన్నీ నాకు. చాటలో బీడీ ఆకు ఎండిపోతోంది, కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే పొద్దు దాటిపోతోంది. నాకు ఒళ్లు మండిపోయి అశోక్ చౌక్‌కు పోయాను. దత్తాత్రి తన బ్యాటరీ పెట్టె గురించి ఎవరికో డబ్బా కొడుతున్నాడు, సోలాపూర్ అంతా కరెంటు పోయినా తన మిషన్లు మాత్రం ఆగవని. ఇది తల కూడా తిప్పకుండా, వస్తున్నా ఉండమన్నది. నేను వంగి మిషన్ వైరు పట్టి గుంజిపారేశాను. అత్త మీది కోపం దుత్త మీద అంటారు కదా, బాపు మీది కోపం ఆ డబ్బా మీద తీర్చుకున్నాను.

తెర నల్లగా అయిపోయింది. వైరు పెట్టి మళ్లీ లేపితే, పొద్దుటి నుంచి అది అమర్చినవాటిలో సగం లేవు. నా చేతులు పడిపోవాలని శపించింది. నేనేం తక్కువ తిన్నానా, దానికంటే రెండు ఎక్కువే అన్నాను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. పోయిన సగం ఎందుకు పోయిందని అది ఆలోచించలేదు, అక్క పాపిష్టిది కాబట్టి పోయిందనుకుని మళ్లీ అమర్చుకుంది.

శిమగా పండుగ, అదే హోలీ, తర్వాత పూణే పోయింది. అక్కడ జరిగింది నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది. చెడిన మిషన్‌ను అందరికంటే ముందు బాగుచేసిందట. చెప్పినవన్నీ అమర్చిందట, అన్నీ నడుస్తున్నాయట. ఇంకా అరగంట ఉంది. పరీక్ష పెట్టే ఆయన మంచివాడే, ఒకసారి ఆపి లేపి చూసుకోమని కూడా అన్నాడు. ఇది వద్దన్నది. నడుస్తున్నదాన్ని ఎందుకు ఆపాలని ఆయన్నే అడిగింది.

చివర్లో ఆయన వచ్చి మిషన్‌ను ఆపి మళ్లీ లేపాడు. లేచాక ఏం నిలబడి ఉందో దానికే మార్కులు. ఆ మిషన్లు అంతేనట. నడిచేటప్పుడు చెప్పింది నడిచినంతసేపే గుర్తుంటుంది. లేవగానే చదువుకునే ఫైల్లో సరిగ్గా రాసిపెడితేనే మళ్లీ లేచినా ఉంటుంది. ఇది కొన్ని రాయలేదు, కొన్ని తప్పు రాసింది. ఒక్కసారి ఆపి చూసుకుంటే బయటపడేవి. నియమాల కాగితంలో ఆ మాట ఉంది, ఇది చదివింది కూడా. కానీ చెంపదెబ్బ తిన్న చెయ్యి కాగితం మాట వింటుందా?

తిరిగొచ్చిన రోజు బాపు దాని ముఖం చూసి, సాంచా వెనకున్న పీట వైపు వేలు చూపించాడు. ఇది సంచి దించి కూర్చుంది. దత్తాత్రి కొత్తగా ఊడ్చేదాన్ని పెట్టుకున్నాడు, సాంచాలోళ్ల పిల్లకు ఇంత ఎగురుడెందుకని పేట్ అంతా చెప్పుకు తిరిగాడు. నవ్విన నాపచేనే పండుతుందని అప్పుడు నేననలేదు, అబద్ధమెందుకు. నాకూ లోపల కొంచెం సంతోషంగానే ఉండింది.

మూడు వారాలు అట్లా కూర్చుంది. ఒకరోజు నేను ఆకు కత్తిరిస్తుంటే వచ్చి ఎదురుగా నిలబడింది. సాంచాలు నడుస్తున్నాయి. దాని పెదవులు చూశాను, నమ్మలేక బయటికి లాక్కుపోయి మళ్లీ చెప్పమన్నాను.

“అక్కా, ఆరు నెలలల్ల ఇంకోపారి పరీక్షకు పోనిస్తరు. నువ్వు క్లాసుకు రావాలె. వైరు గుంజాలె.”

ఎక్కిరిస్తున్నావా అన్నాను.

“కాదే. ఆపుదామంటె నా చెయ్యి పోతలేదు. నువ్వైతె కోపంల గుంజుతవ్.”

ఏడుస్తోంది. నాకు దాని మీద కోపం, దాని చెయ్యిని అట్లా చేసినవాడి మీద ఇంకా కోపం. నేను పోనంటే ఇది చచ్చేదాకా ఆ పీట మీదే కూర్చోవాలి, నేను చచ్చేదాకా దాని పెదవులు చూస్తూ బతకాలి. చాట పట్టుకుని లేచాను.

దత్తాత్రి ముందు గడపలోకే రానివ్వలేదు. వైర్లు గుంజితే మిషన్ లోపలి డిస్క్ పాడవుతుందన్నాడు. నేను గొంతు పెంచలేదు. రెండేళ్లు నీ మిషన్లన్నీ ఊరికే బాగుచేయించుకున్నావు, ఆ మూలనున్న పాతది మాకు విడిచిపెట్టు, లేకపోతే రేపటి నుంచి నలభై మంది బీడీల ఆడవాళ్లం చాటలతో నీ మెట్ల మీదే కూర్చుని పని చేసుకుంటామన్నాను. తంబాకు ఘాటుకు ఏ విద్యార్థి వస్తాడో చూద్దామన్నాను. వాడికి మా యూనియన్ సంగతి తెలుసు. పాతది మాకు వదిలాడు.

ఆ రోజు నుంచి చంద్రభాగ పొద్దున సాంచాల కాడ, మధ్యాహ్నం క్లాసులో. బాపు దానితో మాట మానేశాడు, నాతోనూ మానేశాడు. నేను ఆ మూలలో కూర్చుని బీడీలు చుట్టేదాన్ని, నాకు మండినప్పుడల్లా లేచి వైరు గుంజేదాన్ని. ముందు చెప్పేదాన్ని కాదు. కార్ఖానాలో బీడీలు వాపసు కొట్టిన రోజు ఐదుసార్లు గుంజాను. మొదట్లో ప్రతిసారీ దాని ఒళ్లు ఉలిక్కిపడేది, చెయ్యి చెంప మీదికి పోయేది. నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని. నెల తిరిగేసరికి నల్ల తెర ముందు నింపాదిగా అట్టలు తిప్పుకునేది. నారళి పున్నమికి, అంటే శ్రావణ పున్నమికి, మా మార్కండేయ రథం పోయేనాటికి, నేను లేవకముందే తానే ఆపి, లేపి, చూసుకోవడం మొదలుపెట్టింది. ఇంత దూరం వచ్చినా నాకు పని లేకుండా చేసిందని దాన్నే తిట్టాను.

పూణే పోతున్నానని బాపు ముందు నిలబడి చెప్పింది. ఆయన సాంచా మీదికి వంగాడు. వెళ్లింది. ఈసారి పరీక్ష పెట్టే ఆయన రాకముందే మూడుసార్లు ఆపి లేపిందట. నా ముఖం గుర్తుచేసుకున్నదట, దొంగముండ.

సర్టిఫికెట్ వచ్చిన రోజు మధ్యాహ్నం, అది తెచ్చి బాపు ముందు పట్టుకుంది. సాంచా నడుస్తోంది. పాసయ్యానని చెప్పింది. ఆయన చూపు పోగుల మీద. మళ్లీ చెప్పింది. ఆయన తల ఎత్తకుండానే చెయ్యి ఎత్తి, బొటనవేలు చిటికెనవేలు చాచాడు.

జానెడు.

నాకు అవ్వ పానం పోయిన పొద్దు కళ్ల ముందుకొచ్చింది. నేను ఎప్పుడు లేచానో, గోడ దాకా ఎప్పుడు పోయానో తెలియదు. రెండు సాంచాల స్విచ్చులూ తీసేశాను.

ఇంట్లో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. టవల్ నడుమ ఆగిపోయింది. బాపు నా వైపు చెయ్యి ఎత్తాడు. నేను కదలలేదు. కొట్టు, ఇయ్యాల కొట్టు అనుకున్నాను. చంద్రభాగ నాకూ ఆయనకూ మధ్యకొచ్చి నిలబడింది.

“పాసైన బాపు. ఆపి లేపినా అన్నీ నిలవడ్డయ్.”

ఆయన చెయ్యి దించి స్విచ్చు దాకా పోయాడు. వెయ్యలేదు. అక్కడే గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు.

“మల్ల చెప్పు,” అన్నాడు. “ఇంటున్న.”

అది మళ్లీ చెప్పింది. మొత్తం చెప్పింది, మొదటిసారి ఎందుకు తప్పిందో కూడా, చెంపదెబ్బతో సహా. ఆయన నిలబడే విన్నాడు. అయిపోయాక సాంచా వేశాడు, మిగిలిన జానెడు నేశాడు.

ఆ టవల్ సేట్‌కు పోలేదు. చంద్రభాగ ఇప్పుడు మిల్లులో పని చేస్తోంది, మేం ఇద్దరం వారానికి నాలుగు రోజులైనా కొట్లాడుకుంటాం. టవల్ బాపు భుజం మీదే ఉంటుంది. గీత పైకి కనబడేట్టు వేసుకుంటాడు ముసలోడు.