వెల్లుల్లి తినని వంశం

ఆ రోజుల్లో సింగపూర్‌లో దిగిన ప్రతి తెలుగువాడూ కంప్యూటర్ ముందు కూర్చునేవాడే. నేనొక్కణ్ణే వెల్లుల్లి దంచేవాణ్ణి. ఒక పరిశోధనశాలలో సహాయకుణ్ణి. రెబ్బ నలిగినప్పుడు పుట్టే ఘాటు పదార్థం జీవకణం పొరను ఎలా దాటిపోతుందో చూడటం మా పని. (మా జమీందారీ దివాణం తాతగారితోనే పోయింది, బిగువు మాత్రం నాదాకా వచ్చింది.) చేతికి తొడుగులు వేసుకోమంటే, వెల్లుల్లికి భయపడటమేమిటని ఒట్టి చేతులతోనే దంచేవాణ్ణి.

మూడు తరాలుగా సింగపూర్‌లో స్థిరపడి, సెంగ్‌కాంగ్‌లో ఉంటున్న ఒక తెలుగు ఆంటీ, తన చెల్లెలి కూతురికి నన్ను చూపించాలని భోజనానికి పిలిచింది. ఆ అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. అంతకుముందు రెండుసార్లు రైల్లో మాట్లాడుకున్నాం. ఆమె ఒప్పుకుంటే చాలునన్నంత ఆశ నాది. వాళ్ళింట వెల్లుల్లి నిషిద్ధం. "మా వంశంలో ఏడు తరాలుగా ఎవరూ నాలుక మీద పెట్టలేదండీ" అన్నాను, ఛాతీ విరిచి. అది నిజమే. కానీ ఆ మాటతోపాటే గుప్పున వాసన కూడా వెళ్ళింది.

"ఐయ్యయ్యో! ఇదేంటి తంబీ, మకాన్‌కి ముందే వెల్లుల్లి దట్టించిన చికెన్ రైస్ తినొచ్చావా?" అంది ఆంటీ, అక్కడి యాసలో. మకాన్ అంటే భోజనం.

"లేదండీ. అది చేతి చర్మంలోంచి ఇంకింది. కణాల పొర దానికి అడ్డే కాదు. రక్తంలో కలిసి ఊపిరిలోంచి బయటికొస్తుంది."

"చేత్తో ముట్టుకుంటే నోరు కంపా! చాలు లా! అబద్ధానికీ ఒక అందం ఉండాలి."

అమ్మాయి ఫక్కున నవ్వింది. వడ్డించిన విస్తరి ముందునుంచి లేచి వచ్చేశాను.

మూడోనాడు ఆమె ఫోన్. "పొద్దున ఒక రెబ్బ నలిపి, మేజోడులో మడమ కింద పెట్టుకుని ఆఫీసుకెళ్ళానండీ. మధ్యాహ్నానికల్లా నేను నోరు తెరిస్తే పక్క సీటావిడ ముక్కు మూసుకుంది! మీరన్నది నిజమే. పెద్దమ్మకి నోరు తెరిచి మరీ చూపించాను. ఆదివారం రమ్మంటోంది. వస్తారుగా?"

"అబద్ధాలకోరన్న ఇంటికి మావాళ్ళు రెండోసారి వెళ్ళరండీ."

"సరేనండీ, జమీందారుగారూ" అని మెల్లగా పెట్టేసింది.

ఎంత బాగా జవాబిచ్చానో అని ఆ పూట మీసం దువ్వుకున్న మాట నిజం. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రవాడి మీద నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. నా మాట నిలబెట్టడానికి ఒక అమ్మాయి రోజంతా మడమ కింద వెల్లుల్లి తొక్కుకుంటూ తిరిగింది. ఆ ఆదివారం నేను బిషాన్‌లోని నా గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుని, తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను.