ఐదు వందల తొంభయ్యా, తొంభై ఒకటా

1949 వేసవి చివర సిద్దిపేటలో నాలుగు సర్కారు శాఖలు ఒక బడి వరండాలో నాలుగు బల్లలు వేసుకొని కూర్చున్నాయి. నూలు దొరక్క మగ్గాలు ఆగిన ఇళ్లవాళ్లకు రసాయన రంగుల అద్దకం నేర్పి, సర్కారు అద్దకశాలలో కొలువు ఇప్పించాలని వాటి ఉద్దేశం. బడివాళ్లు పుట్టుక కాగితం ఇవ్వాలి, తహసీలువాళ్లు నివాసం ధ్రువపరచాలి, దవాఖాన డాక్టరు ఒంటిని పరీక్షించాలి, చివరి బల్ల దగ్గర చేనేత శాఖ గుమాస్తా చేర్చుకోవాలి. ఇరవై ఏళ్లు నిండి, ఇరవై ఐదు నిండనివాళ్లే అర్హులు. మా మగ్గం గుంటలో నాలుగు నెలలుగా ఎవరూ కాళ్లు పెట్టలేదు. నాకు ఆ చోటు దొరకకపోతే, దగ్గుతో బాధపడుతున్న నాయిన మరమగ్గాల కూలికి భివండీ పోవలసి వస్తుంది.

నిజాం కాలపు బడి పుస్తకాల్లో అన్నీ రెవెన్యూ లెక్కల ఫసలీ సంవత్సరాలే. నా పుట్టుక 1334 ఫసలీ, ఇస్ఫందార్ నెల, అంటే జనవరి. గుమాస్తా కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని అతనికి ఎవరో చెప్పి పంపారు. కలిపాడు, 1924 వచ్చింది.

“మొన్న జనవరికే ఇరవై ఐదు నిండాయి. వెళ్లవయ్యా.”

“ఫసలీ సాలు అక్టోబరుల మొదలైతది సారూ,” అన్నాను. “జనవరికి ఇంగ్లీషు సాలు మారిపోతది. 591 కలపాలె. నేను పుట్టింది 1925ల.”

తహసీలు బల్ల నుంచి తల ఊపు వచ్చింది. గుమాస్తా సంతోషించి, 590 కొట్టేసి 591 అని తన పుస్తకం అట్ట మీద పెద్దగా రాసుకొని, నా కాగితం మీద ముద్ర వేశాడు.

నా వెనుక నంగునూరు నుంచి వచ్చిన నేతగాడు నిలబడ్డాడు. పక్కన భార్య, అతని చంకలో బిడ్డ. అతనిది 1338 ఫసలీ, అజూర్ నెల. గుమాస్తా 591 కలిపాడు.

“పందొమ్మిదే. ఇంకా ఇరవై నిండలేదు.”

“బిడ్డ తండ్రిని సారూ, పోరన్ని గాదు!”

అజూర్ అంటే అక్టోబరు. ఇంగ్లీషు సంవత్సరం ఇంకా మారదు; అతనికి 590 కలపాలి, ఇరవై నిండాయి. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టాను. అడ్డుపడింది నేను చెప్పిన అంకే. చెబితే నా ముద్ర ఉంటుందో పోతుందో తెలియదు. అయినా వెనక్కి వెళ్లి చెప్పాను.

“ఇందాక ఒకటి కలపమన్నావు, ఇప్పుడు తీసేయమంటావు! ఏది నిజమయ్యా?”

“రెండూ నిజమే సారూ. మొదటి మూడు నెలలకు 590, తర్వాత 591.”

“ఊకో రా! నీ పని అయింది గద!” నాతో వచ్చిన నాయిన నా చెయ్యి పట్టి లాగాడు.

“అన్నా, గీ లెక్క నాకు సమజైతలేదు,” అన్నాడు నంగునూరు మనిషి. “నేను పుట్టిన్నా లేదా?”

గుమాస్తా మా ఇద్దరి కాగితాలూ తీసుకొని తహసీలు బల్లకు నడిచాడు. వాళ్లు బడి బల్లను చూశారు, బడివాళ్లు దవాఖాన బల్లను చూపారు. డాక్టరు మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి, పళ్లు చూసి, కళ్ల రెప్పలు విప్పి చూసి, ఇద్దరికీ ఇరవై రెండు అని రాశాడు. నాలుగు బల్లలూ ఆ ఒక్క అంకె మీద ఒప్పుకున్నాయి. నాకు ఇరవై నాలుగు, అతనికి ఇరవై. ఆ కాగితం ఇద్దరి విషయంలోనూ తప్పు. ఆ తప్పుతోనే ఇద్దరికీ చోటు దొరికింది.

అతను నవ్వుతూ వేలిముద్ర వేసి, బిడ్డను నేలకు దించాడు. నేను కలం పట్టుకొని అంకె వైపు చూస్తూ నిలబడ్డాను.

“పెట్టు రా సంతకం,” అన్నాడు నాయిన.

పెట్టాను.