ఎత్తిన చెయ్యి, ఎత్తేసిన చెయ్యి

"...నెలల తరబడి రాకపోయినా నువ్వే సీఆర్‌వు, రోజొచ్చినా నేను ఎల్‌ఆర్‌నే. గంతేనా రాకేష్?"

"గిప్పుడేమైందని గంతగనం ఒర్రుతున్నవ్? పనులన్నీ నువ్వే చేస్తున్నవ్ కద. చేసుకో. నేనద్దన్ననా?"

"పని నాది, చెయ్యి నీది. గదే అడుగుతున్న."

"నీతోని నేను చేతులెత్తేసిన తల్లీ!"

ఫోన్ తెగిపోయింది. స్పీకర్ ఆపడం మర్చిపోయానని నవనీతకు అప్పుడు తెలిసింది. కాలేజీ మెట్ల మీద టిఫిన్ గిన్నెలు విప్పుకున్న అమ్మాయిలందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"కూసోని తినే జర," అంది షబ్నమ్, పక్కకు జరుగుతూ. "నువ్వు నిలబడి తింటే మాకు అరుగుతలేదు."

నవనీత కూర్చుంది. రెండు ముద్దలు తిని మళ్ళీ లేచి, గేటు దాకా నడిచి వచ్చింది. ఆమె తీరే అంత. క్లాసులో కాలు ఆడిస్తూనే ఉంటుంది. బస్సులో సీటు దొరికినా తలుపు దగ్గర నిలబడుతుంది. కోహెడలో కల్లు గీయడానికి తాళ్ళెక్కే రాజమల్లయ్య బిడ్డ ఆమె. తండ్రి చెట్టు మీద ఉన్నంతసేపూ ఇంట్లో తల్లి ఎలా తిరుగుతుందో, ఈ పిల్ల నేల మీద ఉండి అలాగే తిరుగుతుందని చుట్టాలు నవ్వుకుంటారు.

సిద్దిపేట అంచున ఉన్న ఆ డిగ్రీ కాలేజీలో విద్యార్థి ఎన్నికలు ఇప్పుడున్న వాళ్ళెవరూ చూడలేదు. కొట్లాటలవుతున్నాయని ఎప్పుడో ఆపేశారట. వాటి జాగాలో స్టూడెంట్ కౌన్సిల్ వచ్చింది. తరగతికి ఒక సీఆర్, అంటే తరగతి ప్రతినిధి. అమ్మాయిలున్న చోట ఒక ఎల్‌ఆర్, లేడీ రిప్రజెంటేటివ్. వీళ్ళంతా కలిస్తే కౌన్సిల్. ఆటల కమిటీ, లైబ్రరీ కమిటీ, కల్చరల్ కమిటీ అన్నీ అందులోంచే పుడతాయి. అధ్యక్షుడి పేరు ప్రిన్సిపాల్ చదువుతారు, మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు. ఎప్పుడైనా ఒక సంగతి తెగకపోతే మాత్రం చేతులెత్తాలి. తరగతికి ఒక్క చెయ్యి. అది సీఆర్‌ది. ఎల్‌ఆర్‌లు గోడ పక్క కుర్చీల్లో కూర్చుని, చాయ్ వస్తే అందిస్తారు. సీఆర్ అంటే అబ్బాయే కావాలని ఎక్కడా లేదు. ఎల్‌ఆర్ అనే మాట అమ్మాయిలకు పోయింది కనుక, మిగిలిన మాట అబ్బాయిలది అయిపోయింది.

నవనీత చదివే బీఎస్సీ ఫైనలియర్ లైఫ్ సైన్సెస్ నిండా అమ్మాయిలే. అబ్బాయిలు ఇద్దరు. వాళ్ళలో మతీన్ అటెండెన్స్ పలకడానికే సిగ్గుపడతాడు. మొదటి సంవత్సరం మొదటి రోజు బాటనీ గజేందర్ సార్ "సీఆర్ ఎవరుంటరు?" అని అడిగినప్పుడు రాకేష్ చెయ్యెత్తాడు. బయటికి పోయి నీళ్ళు తాగొస్తానని అడగడానికి ఎత్తాడు. సార్ పేరు రాసుకున్నారు. ఆ దాహం అతణ్ణి మూడేళ్ళ సీఆర్‌ను చేసింది.

తండ్రి మంచాన పడ్డాక రాకేష్ మేనమామ టెంట్‌హౌస్‌లో పనికి కుదిరాడు. పెళ్ళిళ్ళకు షామియానాలు, వినాయక చవితికి మండపాలు. పరీక్షలకు మాత్రం వచ్చి రాస్తాడు. ల్యాబ్ తేదీలు మార్పించడం, స్కాలర్‌షిప్ ఆగితే ఆఫీసు చుట్టూ తిరగడం, ఫ్యాను కాలిపోతే ఎలక్ట్రీషియన్ బాలరాజు వెంట పడడం, అన్నీ నవనీతవి. ఇన్నాళ్ళూ ఆమెకు అది బరువనిపించలేదు. తిరగడం ఆమెకు ఎలాగూ కావాలి.

గది సంగతి వచ్చాక అనిపించింది.

లైబ్రరీ వెనక పాత స్టోర్ రూమ్ ఖాళీ అయింది. జిమ్ము పెట్టాలని అబ్బాయిలు అడిగారు. అమ్మాయిలకు వెయిటింగ్ రూమ్ కావాలని నవనీత అడిగింది. క్లాసులయ్యాక కోహెడ బస్సు దొరకాలంటే చీకటి పడేదాకా బస్టాండ్‌లో నిలబడాలి. ఫ్రీ బస్సు వచ్చాక జనం పెరిగారు గానీ బస్సులు పెరగలేదు. కూర్చుందామంటే బల్లలు ఖాళీ ఉండవు. జ్యూస్ బండి దగ్గర నిలబడితే బండి దగ్గరి వాళ్ళ చూపులు. నెలసరి రోజుల్లో ఆ నిలబడడం ఎలా ఉంటుందో ఆమె ఎవరికీ చెప్పలేదు. అక్కన్నపేట వైపు పిల్లలు ఇద్దరు అందుకే చదువు మానేస్తామంటున్నారు. తాళం, ఫ్యాను, బాత్‌రూమ్ ఉన్న ఒక గది. ఆమె అడిగింది అంతే.

శుక్రవారం కౌన్సిల్ కూర్చుంది. అధ్యక్షత గజేందర్ సార్‌ది. యూనివర్సిటీ నుంచి తనిఖీ బృందం వచ్చేలోపు ఈ గదికి ఏదో ఒక బోర్డు తగలాలని ఆయన తొందర.

చేతులెత్తారు. చెల్లెళ్ళు అదే కాలేజీలో చదువుతున్న సీఆర్‌లు కొందరు వెయిటింగ్ రూమ్‌కు ఎత్తారు. సగం అటు, సగం ఇటు. మిగిలింది లైఫ్ సైన్సెస్ ఒక్కటే. నవనీత గోడ పక్క కుర్చీ అంచున కూర్చుని దుపట్టా కొసను వేలికి చుట్టి విప్పుతోంది.

"రాకేష్ ఏడి?" అన్నారు సార్.

"మండపం కాడున్నడు సార్," అంది నవనీత.

రానివాళ్ళ మాట ఫోన్లో తీసుకోవడం కరోనా నాటి నుంచి అలవాటైపోయింది. సార్ ఫోన్ కలిపి బల్ల మీద పెట్టారు. అవతల సౌండ్ బాక్సుల రొద, ఎవరో "హలో మైక్ చెక్, హలో మైక్ చెక్" అంటున్నారు.

"రాకేష్! జిమ్ముకు చెయ్యెత్తుతున్నవా లేదా?"

"సార్? వినొస్తలేదు సార్!"

"చెయ్యి! చెయ్యి ఎత్తుతున్నవా?"

"ఆ... నేను చేతులెత్తేసిన సార్! గా నవనీతనే..."

కప్పు ఎగిరిపోయేలా డప్పు మోగింది. లైన్ పోయింది.

"ఎత్తిండు," అన్నారు సార్. "జిమ్ము."

అబ్బాయిలు బల్లలు చరిచారు. నవనీత లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది.

"ఎత్తిన అనలే సార్. ఎత్తేసిన అన్నడు."

"రెండిటికి ఏంది తేడా?"

"ఎత్తితె ఒప్పుకున్నట్టు. ఎత్తేస్తె తనతోని కాదన్నట్టు. నిన్న నాతోని గూడ గిదే మాటన్నడు, గప్పుడు నాకు ఓటేసినట్టా?"

"తెలుగు మేడమ్‌ను పిలుద్దామా సార్?" అన్నాడెవరో. గది గొల్లుమంది. సార్ కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. మళ్ళీ ఫోన్ చేశారు. మోగింది గానీ ఎత్తలేదు. విన్నవాళ్ళను అడిగారు. జిమ్ము వైపు వాళ్ళందరికీ "ఎత్తిన" అని వినబడింది. గోడ పక్క వాళ్ళందరికీ "ఎత్తేసిన" అని వినబడింది.

"సరే, ఎత్తేసిండనే అనుకుందాం," అన్నారు సార్, కళ్ళజోడు తుడుచుకుంటూ. "గప్పుడు మీ క్లాసుకు చెయ్యే లేదు. రెండు దిక్కుల సమానం. ప్రిన్సిపాల్ సార్ చెప్పిందే ఫైనల్. ఆయన మనసుల జిమ్మే ఉంది. సోమవారం మల్ల కూసుందాం. గంతల మీ సంగతి మీరు తెంపుకొని రాండ్రి."

సాయంత్రం బస్టాండ్‌కు పోకుండా నవనీత షబ్నమ్‌ను వెంటేసుకుని మండపం దగ్గరికి పోయింది. వీధి మలుపులోనే ఫ్లెక్సీ కనిపించింది. వార్డు పెద్దల ముఖాల కింద, చేతులు జోడించి, నల్లద్దాలు పెట్టుకుని రాకేష్. పేరు కింద ఎర్ర అక్షరాలు: స్టూడెంట్ లీడర్, సీఆర్.

"అబ్బో! లీడర్ సాబ్!" అంది షబ్నమ్. "మండపం ఎవలు కట్టిన్రు, మీ అనుచరులా?"

రాకేష్ నిచ్చెన దిగాడు. చేతులకు కొబ్బరి తాడు గీతలు పడి ఉన్నాయి.

"ఎత్తేసిన అన్ననే," అన్నాడు. "నవనీతనే అడుగుండ్రి అని చెప్పబోయిన. గింతల వీళ్ళు డప్పు షురూ చేసిన్రు. నేనేం జేయాలె?"

"సోమవారం వచ్చి చెప్పు. సీఆర్ ఒదిలేస్తున్న అని గూడ చెప్పు."

అతడు ఫ్లెక్సీ వైపు చూశాడు. "గదొక్కటి అడగకు. మా అమ్మ దీన్ని చూసి ఏడ్చింది తెలుసా? బాపుకు ఫోన్ల ఫొటో చూపిచ్చింది. నాకు డిగ్రీ వస్తదో రాదో. గీ రెండక్షరాలన్న ఉండనీ." అరచేతుల గీతలు రుద్దుకుంటూ అన్నాడు: "ఒక పని చేద్దాం. నేనొచ్చి సార్‌కు చెప్త, నా బదులు నవనీత చెయ్యెత్తుతదని. పేరు నాది, చెయ్యి నీది. నీ గది నీకొస్తది. ఇగ సాలు కద?"

తిరిగి నడుస్తుంటే షబ్నమ్ ఉత్సాహంగా ఉంది. "మంచిగనే చెప్పిండు. పేరేదైతే ఏందే? తాళం చెవి మన చేతుల పడుతది."

"పడుతది."

"మరి గా మొఖమేంది?"

"రాకేష్‌కు రేపు కోపమొస్తె?"

"ఎందుకొస్తది? వాడు మంచోడే."

"మంచోడే. రేపు ఎవలన్న జిమ్ముకు ఎత్తమని వాని మామతోని చెప్పిస్తె? గా చెయ్యి నాదైతదా, వానిదైతదా? సీఆర్‌ను క్లాసే ఎన్నుకోవాలె."

షబ్నమ్ నడక ఆపింది. "ఎలక్షన్ పెడితె నువ్వే గెలుస్తవని ఏం నమ్మకం? సగం మంది నిన్ను జూసి భయపడుతరు, పని చెప్తవని. వాళ్ళు రాకేష్‌కే ఏస్తె గదీ పాయె, నువ్వూ పాయె. అక్కన్నపేట పిల్లలకు ఏం చెప్తవ్?"

నవనీత మళ్ళీ నడక అందుకుంది. బస్సులో తలుపు దగ్గర నిలబడి కోహెడ దాకా కడ్డీ మీద వేళ్ళతో కొడుతూనే ఉంది. శని, ఆదివారాలు ఇంట్లో ఏ పనీ పూర్తి చేయలేదు. బోళ్ళు సగం తోమి చీపురు పట్టింది, చీపురు పక్కన పెట్టి బట్టలు నానేసింది.

"ఏమైందే నీకు?" అంది తల్లి బాలమణి. "ఇల్లంత ఆగమాగం చేస్తున్నవ్."

"ఏం గాలేదవ్వా."

"ఏం గాకపోతె కూసో."

నవనీత కూర్చుంది. వెంటనే లేచింది.

సోమవారం రాకేష్ నిజంగానే వచ్చాడు. నుదుటి మీద కుంకుమ, చేతిలో లడ్డూల పొట్లం. క్లాసంతా ఓ అని అరిచింది. ఇంతకాలానికి సీఆర్‌ను చూశాం, ఫొటో దిగుదాం అని ఎవరో అన్నారు. రాకేష్ సిగ్గుపడుతూ లడ్డూలు పంచాడు. గజేందర్ సార్ రాగానే ఒప్పుకున్న మాట ఒప్పుకున్నట్టే చెప్పాడు: తనకు పనులున్నాయి, కౌన్సిల్లో తన తరఫున నవనీత చెయ్యెత్తుతుంది.

సార్ ముఖం తేటపడింది. "శుక్రవారమే చెప్తె అయిపోవు కదయ్యా. పద నవనీతా, అందరు ఎదురుచూస్తున్నరు."

వెనక బెంచీలో అక్కన్నపేట పిల్లలిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. షబ్నమ్ తల తిప్పకుండానే మోచేత్తో పొడిచింది, పో అన్నట్టు.

నవనీత లేచింది. తలుపు వైపు నడవలేదు. కాళ్ళు కదలకుండా ఉన్నచోటనే నిలబడింది.

"రాకేష్ చెయ్యి నేనెత్తను సార్," అంది. "కౌన్సిల్ కంటె ముందుగాల గీడనే, గీ క్లాసులనే సీఆర్‌ను ఎన్నుకోవాలె. ఎల్‌ఆర్ ఒదిలేస్తున్న. సీఆర్‌కు నిలబడుతున్న."